కల్లుకు ఒక వంటిల్లు కావాలి

మద్యం గురించి మన దగ్గర రెండే గొంతులు గట్టిగా వినిపిస్తాయి. ఒకటి పూర్తిగా బంద్ చేయమంటుంది. రెండోది ఈ ఏడాది ఖజానాకు ఎంతొచ్చిందో లెక్క చదువుతుంది. మనిషి ఎక్కడ కూర్చుని తాగుతున్నాడు, పక్కన ఎవరున్నారు, ముందు తినడానికి ఏముంది, తాగేదాన్ని చేసిందెవరు అని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే, తాగుడు ఒక ఇంటిని ఏం చేస్తుందనేది సీసా మీద రాసిన ఆల్కహాలు శాతం మీద ఎంత ఆధారపడుతుందో, తాగే చోటు మీద కూడా అంతే ఆధారపడుతుంది. ఆ చోటును తయారుచేసేది చట్టం. మన చట్టం మనకు చాలా చెడ్డ చోటును తయారుచేసి పెట్టింది.

ఈ మాట చాలాకాలంగా మనసులో ఉన్నదే. కాగితం మీద పెట్టించింది మాత్రం అమెరికాలో డెలవేర్ రాష్ట్రంలోని మిల్టన్ అనే చిన్న ఊరు.

మేముండేది మేరీలాండ్‌లో. ఎండలు ముదిరితే చాలు, ఇక్కడి తెలుగువాళ్లు చెసపీక్ బే వంతెన దాటి సముద్రం వైపు బండి కడతారు. పోయిన వేసవిలో మేమూ అలాగే రెహోబత్ బీచ్‌కు పోయి, తిరుగుదారిలో మిల్టన్‌లో ఆగాం. అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. యాదాద్రి భువనగిరి జిల్లాలో మా ఊరు దాటి పెద్దగా తిరిగిన మనిషి కాదు. "బీరు చేసే కాడికి పోదామమ్మా, అక్కడ్నే తిండి కూడా దొరుకుతది" అంటే ఒక నిమిషం నా మొహంలోకి చూసి, "పిల్ల ఉన్నది గదనే, లోపలికి రానిస్తరా?" అని అడిగింది. రానిస్తారని తెలిసినా, ఆ ప్రశ్న ఆమె నోట్లోంచి ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మా దగ్గర వైన్ షాపు పక్కన పర్మిట్ రూములోకి చిన్నపిల్లను ఎత్తుకుని పోవడమన్నది ఊహకే అందని సంగతి.

మిల్టన్‌లో ఉండేది మూడు వేల చిల్లర జనం. ఒకప్పుడు బ్రాడ్‌కిల్ నది ఒడ్డున చెక్క ఓడలు కట్టిన ఊరు. ఆ తర్వాత క్రిస్మస్‌కు గుమ్మాలకు వేలాడదీసే హోలీ ఆకుల తోరణాలకు పేరుపడింది. కూరగాయలను డబ్బాల్లో నింపే కర్మాగారం ఒకటి నడిచి మూతపడింది. 2002లో డాగ్‌ఫిష్ హెడ్ అనే బీరు కంపెనీ ఆ పాత కర్మాగారంలోకి వచ్చింది. ఇప్పుడు వాకిట్లో ఇనుముతో చేసిన నలభై అడుగుల చెట్టు, దాని కొమ్మల మీద ఒక ఇల్లు నిలబడి ఉంటాయి. పాత ఆవిరియంత్రాల పోలికతో కళాకారులు చేసిన శిల్పమది. మా పాప దాన్ని వదిలి లోపలికి రానంది.

లోపల మమ్మల్ని ఒక పెద్ద బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పక్క బల్ల మీద ఒక ముసలాయన, ఆయన భార్య, వాళ్ల మనవడు. ఇంకో పక్క పనిదుస్తుల్లోనే వచ్చిన నలుగురు ఆడవాళ్లు. వడ్డించే అమ్మాయి ముందు మా గుర్తింపు కార్డులు అడిగింది. ఇరవై ఒకటి నిండిందో లేదో చూడకుండా చుక్క పోయరు. బండి నడపాలి కాబట్టి మా ఆయన మంచినీళ్లే తెప్పించుకున్నాడు. నేను చిన్న గ్లాసుల్లో నాలుగు రకాలు తెప్పించాను. ఒక్కోటి నాలుగు గుటకలు, అంతే. వాటికంటే ముందు తిండి వచ్చింది. వేడివేడి పిజ్జా, వేయించిన బంగాళాదుంపలు. అమ్మ పిజ్జా ముక్క తుంచుకుంటూ, నేనిచ్చిన గ్లాసులోంచి ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. "ఏందే ఇంత చేదున్నది! మన ఈతకల్లే నయం."

కాసేపటికి చుట్టూ చూసి ఇంకో మాట అంది. "ఇంతమంది తాగుతున్నరు, ఎవ్వడు అరుస్తలేడు. ఆడోళ్లున్నరు గదా, అందుకే నోరు జారుతలేరు." ఈ వ్యాసమంతా నేను చెప్పబోయేది ఆ మాటకు వివరణే.

బ్రూవరీ లోపల తిప్పి చూపిస్తారు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలు, అదే మాల్ట్, మా చేతుల్లో పోశారు. నోట్లో వేసుకుంటే అచ్చం వేయించిన పేలాల రుచి. ఆ గింజలను నూరి వేడినీళ్లలో నానబెడితే తీపినీళ్లు దిగుతాయి. ఆ నీళ్లను మరిగిస్తూ హాప్స్ అనే తీగ పూలు వేస్తారు. చేదు, వాసన రెండూ ఆ పూలవే. చల్లారాక ఈస్ట్ కలిపితే పులుస్తుంది. బీరంటే ఇంతే. మామూలుగా హాప్స్‌ను మరిగేటప్పుడు రెండు మూడు విడతలుగా వేస్తారు. ఈ కంపెనీ పెట్టిన శామ్ కలజోనికి ఒకరోజు టీవీలో వంటాయన సూపు ఉడుకుతున్నంతసేపూ మిరియాలు కొద్దికొద్దిగా చల్లుతుంటే చూసి, హాప్స్ కూడా అలా వేస్తే ఎలా ఉంటుందనిపించిందట. పాత సామాన్ల దుకాణంలో, కరెంటుతో అదిరే ఫుట్‌బాల్ ఆటబొమ్మ పలక ఒకటి దొరికింది. దాన్ని మరిగే డేగిసా పైన ఏటవాలుగా కట్టి, అదురుకు పూలు ఒక్కొక్కటే రాలేలా చేశాడు. తొంభై నిమిషాలు అలా రాలితే 90 మినిట్ ఐపీఏ అనే బీరు, అరవై నిమిషాలు రాలితే 60 మినిట్ ఐపీఏ. పచ్చటి హాప్స్ గుళికలు నా అరచేతిలో పోసి నలపమన్నారు. నారింజ తొక్క వాసన, వెనకాలే పచ్చిగడ్డి వాసన. సాయంత్రం దాకా చెయ్యి వదల్లేదు.

ఇంకో గదిలో పది వేల గ్యాలన్లు, అంటే దగ్గరదగ్గర ముప్ఫై ఎనిమిది వేల లీటర్లు పట్టే కొయ్య తొట్టి ఉంది. పరాగ్వే నుంచి తెచ్చిన పాలో శాంటో చెక్కతో చేసింది. అమెరికాలో మద్యనిషేధం కంటే ముందటి రోజుల తర్వాత బీరు కోసం ఇంత పెద్ద కొయ్యపాత్ర ఇంకొకటి కట్టలేదని చెబుతారు. దాని పక్కన నిలబడితే చెక్క జిగురు వాసన, పులుపు వాసన కలిసి వస్తాయి. మాతోపాటు వచ్చిన ఊరివాళ్లు ఆ తొట్టిని తమ చెరువును చూపించినంత గర్వంగా ఇతరులకు చూపిస్తున్నారు. ఊళ్లో ఒక వస్తువు తయారవుతుంటే ఊరికి వచ్చే కళ అది. బీరు కాకుండా ఇంకేదైనా అక్కడ తయారై ఉన్నా ఆ కళ ఉండేదేమో. కానీ ఓడలూ పోయాక, డబ్బా కూరగాయలూ పోయాక ఆ ఊరికి మిగిలింది ఇదే.

ఇదంతా వ్యాపార తెలివి మాత్రమే అనుకుంటే పొరపాటు. దీని కింద ఒక చట్టం ఉంది. 1995లో కలజోని రెహోబత్ బీచ్‌లో హోటలు పెట్టి, అక్కడే బీరు చేసి అక్కడే పోద్దామనుకున్నప్పుడు డెలవేర్‌లో అది నేరం. చేసేవాడు అమ్మకూడదు, అమ్మేవాడు చేయకూడదు. ఆయన రాష్ట్ర రాజధాని డోవర్‌లో శాసనసభ్యుల చుట్టూ తిరిగి చట్టం మార్పించుకున్నాడు. అప్పుడాయన దగ్గరున్న సరంజామా ఒక్కో విడతకు పన్నెండు గ్యాలన్లు, అంటే నలభై అయిదు లీటర్లు మరిగించేది. దేశంలో వ్యాపారానికి బీరు చేసే చోట్లలో అంతకంటే చిన్నది లేదని అప్పట్లో చెప్పుకునేవారు. రోజుకు రెండు మూడు సార్లు వండితే తప్ప హోటలుకు సరిపోయేది కాదు. రెండేళ్లకు పక్క రాష్ట్రానికి మొదటి సరుకు పంపాల్సి వచ్చినప్పుడు సొంతంగా కట్టుకున్న పడవలో ఆ కాస్త బీరు వేసుకుని లూయిస్ నుంచి డెలవేర్ అఖాతం దాటి న్యూజెర్సీలోని కేప్ మే దాకా తెడ్డు వేసుకుంటూ పోయాడు.

మరి అంతకుముందు ఆ చట్టం ఎందుకు అలా ఉంది? ఇది తెలుసుకున్నాక నాకు మన ఊళ్లు కళ్లముందు తిరిగాయి. 1873 డిసెంబరులో ఒహాయో రాష్ట్రం హిల్స్‌బరో అనే చిన్న ఊళ్లో ఆడవాళ్లు గుంపుగా బయల్దేరి సారాకొట్ల ముందు మోకరిల్లి ప్రార్థనలు చేశారు, మూసేయమన్నారు. అది ఊరి నుంచి ఊరికి పాకింది. మరుసటి ఏడాది క్రైస్తవ మహిళా మద్యనిరోధ సంఘం పుట్టింది. వాళ్ల కోపం న్యాయమైనదే. అప్పటి సలూన్లు, అంటే అక్కడి తాగుడు కొట్లు, చీకటివి, మగవాళ్లవి మాత్రమే. కూలి డబ్బు అక్కడే అయిపోయేది. చాలా సలూన్ల వెనక పెద్ద బీరు కంపెనీలుండేవి. అద్దె, సామాను అన్నీ కంపెనీవే, బదులుగా వాళ్ల సరుకే పోయాలి, ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిది. ఉప్పు దట్టించిన తిండి ఊరికే పెట్టేవాళ్లు, దాహమేసి ఇంకో గ్లాసు తాగుతాడని. చివరికి 1920లో దేశమంతా మద్యనిషేధం వచ్చింది. దొంగసారా, ముఠాలు, కల్తీ చావులు చూశాక 1933లో ఎత్తేశారు. ఎత్తేసేటప్పుడు పాత సలూన్ మళ్లీ రాకూడదని చేసేవాడు, టోకుగా కొనేవాడు, చిల్లరగా అమ్మేవాడు వేర్వేరుగా ఉండాలని దాదాపు అన్ని రాష్ట్రాలూ గోడలు కట్టాయి.

ఉద్దేశం మంచిదే. కానీ ఆ గోడల్లో పెద్దవాళ్లే బతికారు. 1970ల చివరికి అంత పెద్ద దేశంలో బీరు కంపెనీలు వంద కూడా లేవు. అన్నీ ఒకే రుచి, ఒకే డబ్బా. 1978లో జిమ్మీ కార్టర్ ఇంట్లో బీరు చేసుకోవడాన్ని నేరాల జాబితాలోంచి తీసే చట్టం మీద సంతకం పెట్టాడు. 1982లో వాషింగ్టన్ రాష్ట్రం యాకిమాలో బెర్ట్ గ్రాంట్ అనే ఆయన, నిషేధం తర్వాత దేశంలో మొదటిసారి, చేసిన చోటే పోసే హోటలు తెరిచాడు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో హోప్‌ల్యాండ్ అనే ఇంకో చిన్న ఊళ్లో ఒకటి. 1988లో వెర్మాంట్‌లో గ్రెగ్ నూనన్, ఏళ్ల తరబడి చట్టం కోసం తిరిగి, బర్లింగ్టన్‌లో తెరిచాడు. ఒక్కో రాష్ట్రం ఒక్కో కిటికీ తెరుస్తూ వచ్చింది. ఇప్పుడు ఆ దేశంలో బ్రూవరీలు తొమ్మిది వేలు దాటాయి. ఎక్కువ భాగం చిన్నవి, చాలావాటికి వంటిల్లు అంటుకునే ఉంటుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. చేసేవాడే అమ్మడమన్నది పాత సలూన్లలో రోగం, చేసిన చోటే పోసే ఈ కొత్త హోటళ్లలో, అంటే బ్రూపబ్బుల్లో, ఆ రోగానికి మందు ఎలా అయింది? తేడా పరిమాణంలో ఉంది. వందల మైళ్ల అవతలి కంపెనీకి వెయ్యి సలూన్లుంటే ఏ సలూన్లో ఎవడు పడిపోయినా దానికి పట్టదు. ఒక్క ఊళ్లో ఒక్క వంటింటితో ఉన్నవాడికి రేపు పొద్దున ఆ పడిపోయినవాడి భార్య మొహం చూడక తప్పదు. పాతదానికి వెలుతురు లేదు, ఆడవాళ్లు లేరు, తిండి వలలో గింజ మాత్రమే. కొత్తదానికి తిండే సగం వ్యాపారం.

ఇప్పుడు మన సంగతి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాకొట్టును తరిమేశారు. ఆ ఉద్యమంలో రోశమ్మ పేరు తెలియని తెలుగువాళ్లు ఆ తరంలో లేరు. అక్కడ రాజుకున్నది రాష్ట్రమంతా అంటుకుంది. మా ఊళ్లోనూ ఆడవాళ్లు పోయి ప్యాకెట్లు తగలబెట్టారు, అందులో అమ్మ ఉంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో దాని ఎత్తివేత. హిల్స్‌బరోకు, దూబగుంటకు నూట ఇరవై ఏళ్ల దూరం. రెండు చోట్లా ఆడవాళ్లు తిరగబడింది ఒకే రకం చోటు మీద.

ఇందులో నాకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. అమ్మకు సారా మీద ఉన్న కోపం కల్లు మీద లేదు. మాది గీత కార్మికుల ఇల్లు. తాత మోకు, ముత్తాదు కట్టుకుని పొద్దున్నే తాళ్లెక్కేవాడు. మా చిన్నాయన చెట్టు మీంచి జారిపడి నడుము పోగొట్టుకుని మంచానికి అంటుకుపోయాడు, కాబట్టి ఆ పని గొప్పదనం గురించి నేను కవిత్వం చెప్పను. కానీ కల్లు ఎలా తాగేవాళ్లో చూశాను. నాట్లయిపోయి వచ్చిన ఆడకూలీలు మండువ దగ్గర, అంటే కల్లు పోసే చోట, కూర్చుని తాటాకు రేక పట్టి తాగేవాళ్లు, పక్కన గుడాలో, ఎండు చేపలో. బోనాలకు కల్లు, పెళ్లికి కల్లు, చావుకు కల్లు. పొద్దటి కల్లు తీపి, మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది, రాత్రికి పనికిరాదు. చెట్టు దిగినప్పటి నుంచే పులుస్తూ ఉంటుంది కాబట్టి దాచలేం, దూరం పంపలేం. ఏ చెట్టు కల్లో, ఏ గౌడు గీసిందో తాగేవాళ్లందరికీ తెలుసు. పలచగా ఉంటే అక్కడికక్కడే నిలదీసేవాళ్లు.

అప్పుడు సర్కారు సారా వచ్చింది. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరా చేర్చింది. ప్యాకెట్‌కు రేక అక్కర్లేదు, మండువ అక్కర్లేదు, తిండి అక్కర్లేదు, పక్కన మనిషి అక్కర్లేదు. చేలో పని మధ్యలో కొరికి చప్పరించి పారేయొచ్చు. కల్లుకంటే ఎన్నో రెట్లు ఘాటు. తయారుచేసినవాడు ఎవడో ఎవరికీ తెలియదు. ఆడవాళ్లు కూర్చునే చోటులోంచి తాగుడు లేచిపోయి, ఆడవాళ్లు దెబ్బలు తినే చోటుకు చేరింది. అమ్మ ప్యాకెట్లు తగలబెట్టింది అందుకు.

సారా పోయింది, చోటు మాత్రం మారలేదు. ఇవాళ మా మండల కేంద్రంలో వైన్ షాపు ముందు ఇనుప జాలీ ఉంటుంది. జాలీ సందులోంచి డబ్బు లోపలికి, క్వార్టర్ సీసా బయటికి. పక్కన పర్మిట్ రూమ్: కుర్చీలు, ప్లాస్టిక్ గ్లాసులు, నేల మీద వాంతి. ఊళ్లలోకొస్తే బెల్టు షాపులు, కిరాణా కొట్టు వెనక సంచిలోంచి తీసిచ్చేవి. సంగారెడ్డి చుట్టుపక్కల పెద్దపెద్ద బీరు కర్మాగారాలున్నాయి. కానీ ఆ పక్క ఊరివాళ్లు గోడ అవతల ఏం జరుగుతుందో చూసే వీలే లేదు. సరుకు సర్కారు డిపోకు పోయి, అక్కడి నుంచి షాపుకు వచ్చి, జాలీ సందులోంచే వాళ్లకూ అందాలి. హైదరాబాద్‌లో డబ్బున్నవాళ్లకు జూబ్లీహిల్స్‌లో, గచ్చిబౌలిలో అక్కడే బీరు చేసి అక్కడే పోసే మైక్రోబ్రూవరీలున్నాయి: వెలుతురు, తిండి, ఆడవాళ్లు, అన్నీ ఉన్నాయి. మంచి చోటు ఎలా ఉండాలో మన ప్రభుత్వాలకు తెలియక కాదు. అది పెద్ద నగరంలో పెద్ద జీతాలవాళ్లకే చాలనుకున్నారు. ఈ వివక్ష నాకు కోపం తెప్పిస్తుంది.

కల్లు పరిస్థితి ఇంకా ఘోరం. 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూసేశారు, తెలంగాణ వచ్చాక 2014లో తెరిచారు. చెట్టు పన్ను తీసేశారు, సంతోషించాం. కానీ నగరంలో తాళ్లెక్కడున్నాయి? ఈతవనాలెక్కడున్నాయి? చెట్టు లేని చోట వేలమందికి రోజూ కల్లు పోయాలంటే పొడి కలపక తప్పదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం లాంటి మత్తు మందుల పొడి. తాగినవాడికి మత్తు అలవాటై, ఒక్కపూట దొరక్కపోతే వణికిపోతాడు, పిచ్చిగా ప్రవర్తిస్తాడు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నేను చాలా ఏడ్చాను. చనిపోయినవాళ్లు కూలీలు. వాళ్లకు పోసింది కల్లు కాదు, దానికి కల్లు అని పేరు పెట్టారు. నిందంతా మళ్లీ చెట్టెక్కేవాడి మీదే పడింది.

చెట్టుకూ గ్లాసుకూ మధ్య దూరం పెరిగిన కొద్దీ కల్తీ పెరుగుతుంది. ఆ దూరాన్ని తగ్గించడమే నేను అడుగుతున్నది.

భువనగిరి, ఆలేరు, జనగామ, నకిరేకల్ లాంటి చిన్న పట్టణాల్లో, మండల కేంద్రాల్లో, గీత సహకార సంఘాలు తమ చెట్ల కల్లును తమ వంటింట్లో వండిన కూరతో పోసే హోటళ్లు నడపాలి. లైసెన్సు సంఘానికే, బయటి పెట్టుబడిదారుకు అమ్ముకునే వీలు లేకుండా. సంఘానికున్న చెట్లెన్ని, గీసినవెన్ని, ఆ రోజు దిగిన కల్లు ఎన్ని లీటర్లు, ఇవి గోడ మీద పలక కట్టి రాయాలి. ఆ లెక్క దాటి ఒక్క లీటరు పోసినా దొంగతనం దొరికిపోతుంది. సీసాల్లో నింపి ఇంటికి పట్టుకుపోవడం ఉండకూడదు. వంట ఉండి తీరాలి: తలకాయ కూర, బోటి, చేపల పులుసు, జొన్నరొట్టె, తాగనివాళ్లు కూడా తిండి కోసం వచ్చేలా. మంచి లైట్లు, బెంచీలు, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి. పొద్దుగూకితే మూత. అల్ప్రాజోలం పరీక్ష వారానికోసారి, ఫలితం అదే పలక మీద.

నీరా కేఫ్ ఉంది గదా అంటారు. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్ మీద హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రభుత్వం తెరిచింది. మంచి భవనం, మంచి ఉద్దేశం, గీత వృత్తికి గౌరవం ఇవ్వాలన్న ఆలోచనకు నేను దండం పెడతాను. అయితే అది చెట్లకు దూరంగా నగరం నడిబొడ్డున ఉంది, నీరా మీద, అంటే ఇంకా పులియని చెట్టు రసం మీద నడుస్తుంది. తెల్లారకముందే సున్నం పూసిన లొట్టిలో పట్టి, చల్లగా ఉంచి, దూరం తేవాలి. మిల్టన్‌లో నాకు నచ్చిన సంగతికి ఇది సరిగ్గా ఎదురు దిక్కు. అదే డబ్బులో కొంత భాగంతో జిల్లాకు నాలుగు మామూలు రేకుల షెడ్లు, నాలుగు వంటిళ్లు లేచేవి.

అభ్యంతరాలు తెలియక కాదు. ఆల్కహాలు ఎంత కొంచెమైనా ఆరోగ్యానికి మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. నేను దాన్ని కాదనను. కల్లు కూడా ఆల్కహాలే, నాలుగైదు శాతం ఉంటుంది. తాగొద్దని చెప్పేవాళ్లు చెబుతూనే ఉండాలి. కానీ నిషేధం మనం ఒకసారి చూశాం, అమెరికా పదమూడేళ్లు చూసింది. తాగేవాళ్లు ఉన్నంతకాలం వాళ్లు ఎక్కడ తాగుతారన్నది మనం తేల్చాల్సిన విషయమే. జాలీ సందులోంచి ఘాటు సరుకు అందించడం తటస్థత కాదు, అది కూడా ఒక విధానమే, నా దృష్టిలో అన్నిటికంటే క్రూరమైన విధానం.

పెద్ద పెట్టుబడి వచ్చి మింగేస్తుందనేది ఇంకో భయం. ఇది నిజమైన భయం. ఆ పన్నెండు గ్యాలన్ల డాగ్‌ఫిష్ హెడ్ కూడా 2019లో బోస్టన్ బీర్ అనే పెద్ద కంపెనీలో కలిసింది, దాదాపు ముప్ఫై కోట్ల డాలర్లకు. మిల్టన్‌లో మేం కూర్చున్న బల్ల అక్కడే ఉంది, నిజమే, కానీ దాని భవిష్యత్తు నిర్ణయించేది ఇక ఆ ఊరు ఒక్కటే కాదు. అందుకే లైసెన్సు సంఘం చేతుల్లోంచి కదలకూడదంటున్నాను. గౌడుల వృత్తిని ఇంకెవరో లాభం చేసుకోవడానికైతే ఈ మాటే ఎత్తను.

కారులో పోయి తాగి కారులో తిరిగి వచ్చే అమెరికా అలవాటు కూడా మనకొద్దు. మా బల్ల మీద ఒకరు తాగకుండా ఉన్నారు సరే, అన్ని బల్లలూ అలా ఉండవు. మండల కేంద్రంలో, నడిచి వచ్చి నడిచి పోయే దూరంలో పెట్టమంటున్నది ఇందుకే.

ఇప్పుడు చెట్లే మిగల్లేదు అని మా మేనమామ అన్నాడు, ఇది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. భువనగిరి చుట్టూ వెంచర్ల కోసం తాళ్లను వేర్లతో సహా పెకిలించారు. తాటి మొక్క గీతకు రావాలంటే పదిహేనేళ్ల దాకా పడుతుంది, ఈత కొంత తొందరగా వస్తుంది. చెరువు కట్టల మీద నాటినవి చాలాచోట్ల పట్టించుకోక ఎండిపోయాయి. చెట్టుకు ఊళ్లోనే మంచి ధర వస్తే ఎవరూ నరకనివ్వరని నా ఆశ. లీటరు కల్లు గోనె పరదా వెనక పోస్తే వచ్చేదానికీ, కూరతో బల్ల మీద పెడితే వచ్చేదానికీ తేడా ఉంటుంది, ఆ తేడా చెట్టును కాపాడాలి.

ఇదంతా ఫోన్‌లో మా ఊరి సంఘం వాళ్లకు చెప్పాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు. "అక్కా, గీసుడు మాకు వచ్చు, పోసుడు వచ్చు. వంటమనిషి జీతం ఎవరిస్తరు? మొదటి నెలల తినేటోళ్లు రాకపోతే కూర ఏం జెయ్యాలె?" అని అడిగారు. సరైన ప్రశ్న. నా దగ్గరున్న జవాబు ఇది: మొదటి ఏడాది వంటమనిషి జీతం, గ్యాసు, మరుగుదొడ్ల ఖర్చు ప్రభుత్వం భరించాలి, రెండో ఏడాది సగం, తర్వాత సంఘమే. వంటకు ఊళ్లోని మహిళా పొదుపు సంఘాన్ని పెట్టుకోవాలి, కూర మీద వచ్చే లాభం వాళ్లది, కల్లు మీద వచ్చేది గీత సంఘానిది. ఆడవాళ్ల డబ్బు ఆ వంటింట్లో ఉంటే ఆ చోటు పర్మిట్ రూమ్‌లా మారదని అమ్మ నాకంటే గట్టిగా నమ్ముతోంది. పొదుపు సంఘం అధ్యక్షురాలితో తానే మాట్లాడతానంది.

దసరాకు ఊరికి పోతున్నాను. ఒక్క షెడ్డును నమూనాగా మంజూరు చేయమని అర్జీ రాసి పెట్టుకున్నాను. రెండు సంఘాల సంతకాలు తీసుకుని జిల్లా ఎక్సైజ్ ఆఫీసులో ఒకటి, కలెక్టరేట్‌లో ఒకటి ఇవ్వాలి. ఈ పద్ధతిలో ఇప్పటికే ఏ ఊళ్లోనైనా నడుపుతున్నవాళ్లుంటే వాళ్ల లెక్కలు చూడాలని ఉంది. ముఖ్యంగా కూర ఖర్చు, మిగిలిపోయే కల్లు, ఈ రెండూ.